బరంపురం ఇంట్లో రీఫ్ ట్యాంకు: పగడం పిలకలేసే తీరు చూసి ఎంచుకోండి

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, పెట్టాలని మనసుపడ్డవాళ్లు ముందు అడిగేది ఏ పగడం అందంగా ఉంటుందని. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్లు దానికంటే ముందు ఇంకో సంగతి అడగాలి. అది ఒకటి నుంచి రెండు ఎలా అవుతుంది? మన ఊళ్లలో అక్వేరియం కొట్లు లేకపోలేదు గానీ చాలామట్టుకు మంచినీటి చేపలవే. పగడం కావాలంటే విశాఖ నుంచో కోల్‌కతా నుంచో చెన్నై నుంచో థర్మాకోల్ డబ్బాలో రావాలి. వచ్చిన ముక్క చచ్చిపోతే మళ్లీ అదే ప్రయాణం, అదే ఖర్చు. అందుకని మన ట్యాంకులో మనమే పిలకలు తీసుకోగలిగే రకం కావాలి. అలాగని ట్యాంకంతా ఆక్రమించేసే రకమూ వద్దు. ఈ రెండు గుణాలూ ఒకే పగడంలో దొరకడం అరుదు.

ముందు చట్టం సంగతి

సున్నపు అస్థిపంజరం కట్టుకునే రాతి పగడాలను, అంటే అక్రోపోరా, యూఫిలియా, బ్రెయిన్ కోరల్ లాంటివాటిని, నేను ఈ పోలికలోకే తీసుకోవడం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నిటినీ చేర్చారు. వాటితోపాటు నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా చేరాయి. పులి ఉన్న షెడ్యూలే అది. నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. బతికున్నదా, ఎండిపోయిందా అన్న తేడా లేదు. అండమాన్ వెళ్లొచ్చిన చుట్టాలెవరైనా ట్యాంకులో అలంకారానికి బాగుంటుందని తెల్లటి పగడపు కొమ్మ ఇస్తే మర్యాదగా వద్దనండి.

విదేశాల్లో పెంచినదని చెప్పి అమ్మేవి కూడా ఉంటాయి. రాతి పగడాలు వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి దిగుమతి కాగితాలు ఉండాలి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం సైటీస్ జాబితాలోని బతికున్న జంతువులను ఇంట్లో ఉంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, వాటికి పుట్టే పిల్లల వివరాలూ ఇవ్వాలి. ముక్కలు తీసి పదిమందితో పంచుకోవాలన్నదే మన లెక్క అయినప్పుడు ఈ టెన్షన్ ఎందుకు?

మిగిలేవి మెత్తని పగడాలు, జోయాంథిడ్లు, మష్రూములు. నిజానికి చివరి రెండూ అసలు పగడాలు కావు, వాటి దగ్గరి బంధువులు. అయినా రీఫ్ ట్యాంకుల వాళ్లందరూ వాటిని పగడాలనే అంటారు, నేనూ అదే అంటాను. వీటికి కూడా బిల్లు తీసుకోండి, అనుమానం ఉంటే అటవీ శాఖ రేంజి ఆఫీసులో ఒక మాట అడగండి. ఆ బిల్లు దాచుకోండి కూడా. రేపు మీరు ఎవరికైనా పిలక ఇచ్చినప్పుడు అది ఎక్కడిదో చెప్పుకోవడానికి పనికొస్తుంది.

పరుచుకునేవి: గ్రీన్ స్టార్ పాలిప్, జోయాంథిడ్

స్కూల్లో హైడ్రా బొమ్మ గీసి కోరకీభవనం అని పేరు రాసినవాళ్లకి మొగ్గ తొడగడం కొత్తేమీ కాదు. హైడ్రాకి పుట్టిన మొగ్గ పెరిగి విడిపోతుంది. పగడాల్లో చాలావాటికి కొత్త పాలిప్, అంటే నోరూ చేతులూ ఉన్న ఒక్కో చిన్న జీవి, విడిపోదు, తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది. అలా ఒక్కటే ఊరవుతుంది.

గ్రీన్ స్టార్ పాలిప్‌ని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అడుగున ఊదారంగు చాప లాంటి పొర ఉంటుంది, దాని అంచు రాయి మీద పాకుతూ పోతుంది, వెనకాలే పచ్చటి నక్షత్రాల్లాంటి పాలిప్‌లు లేస్తాయి. అరటి తోటలో పిలకలు వచ్చినట్టే, తల్లి పక్కనే మరొకటి, దాని పక్కన ఇంకొకటి. చేతకాని వాడి ట్యాంకులో కూడా పెరుగుతుంది. అదే దానితో చిక్కు. ప్రధాన రాయి మీద పెట్టారంటే కొన్ని నెలల్లో రాయంతా దానిదే, ఆ తర్వాత గాజు మీదికి ఎక్కుతుంది. పక్కనున్న చిన్న పగడాల మీదుగా పాకి వాటిని కప్పేస్తుంది. విడిగా, ఇసుక మధ్యలో ఒంటరి రాయి మీద పెట్టాలి. అంచు కిందికి దిగిందంటే కత్తితో గీకి తీసేయాలి. ఇంకో విషయం, పాత వర్గీకరణలో దీని ప్రజాతిని సీ ఫ్యాన్లున్న గుంపులోనే ఉంచారు. సీ ఫ్యాన్లు షెడ్యూలులో ఉన్నాయని పైన చెప్పాను కదా. అందుకే రేంజి ఆఫీసులో ప్రత్యేకంగా అడగవలసింది దీని గురించే. నా మటుకు నేను కొత్తవాళ్లకి దీన్ని మొదటి పగడంగా సిఫారసు చేయను.

జోయాంథిడ్లు, అందరూ జోయాలు అనేవి, ఇదే పద్ధతిలో పరుచుకుంటాయి గానీ నెమ్మదిగా. అంచున కొత్త మొగ్గ చిన్న గుండీలా కనిపిస్తుంది, కొన్ని రోజులకి విచ్చుకుంటుంది. రంగుల్లో వీటికి పోటీ లేదు. ముక్క తీయడమూ తేలికే. రెండు పాలిప్‌ల మధ్య పొరని బ్లేడుతో కోసి, కింద రాయి పలుచగా తెగితే దానితో సహా తీసి, జెల్ రకం సూపర్ గ్లూతో చిన్న రాతి ముక్క మీద అంటిస్తే చాలు. కొన్ని రోజులు ముడుచుకుని ఉండి తర్వాత తెరుచుకుంటాయి.

అయితే జోయాల విషయంలో ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాయాలి. వీటిలో కొన్నిటిలో, ముఖ్యంగా పాలితోవా రకాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో ఉన్న అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. కోసేటప్పుడు రసం చిమ్మి కంట్లో పడవచ్చు, చేతి మీద గాటు ఉంటే లోపలికి పోవచ్చు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడదు. రాయి శుభ్రం చేద్దామని వేడినీళ్లు పోయడం, ఉడకబెట్టడం అసలే వద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఇతర దేశాల్లో జరిగాయి. ఒకవేళ కోసిన తర్వాత నోరు చేదెక్కినా, ఊపిరి ఆడనట్టున్నా, కళ్లు మండినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఆ విషం పేరు డాక్టరుకి చెప్పండి. ప్రతి డాక్టరుకీ ఎదురయ్యే కేసు కాదది. ట్యాంకులో చేతులు పెట్టే వయసు పిల్లలున్న ఇంట్లో జోయాలు నేను పెట్టను.

తమంతట తామే విడిపోయేవి: జీనియా, కెన్యా ట్రీ

జీనియాని చూసి మనసు పారేసుకోని వాళ్లు ఉండరు. చిన్న చేతులు ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. కాండం నిలువునా చీలి రెండవుతుంది, పక్క రాయిని అందుకుని అక్కడా అతుక్కుంటుంది. కత్తి అవసరమే లేదు. కొత్త చిన్న రాయిని దాని పక్కన ఆనించి పెడితే కొద్ది వారాల్లో దాని మీదికి ఎక్కుతుంది, ఆ రాయి తీసి ఎవరికైనా ఇవ్వొచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ జీనియా ఒక్కోసారి ఏ కారణమూ కనిపించకుండా కరిగిపోతుంది, నిన్న బాగున్న గుంపు ఇవాళ జిగురుముద్దగా ఉంటుంది. ప్రయాణం అంటే దానికి పడదు. మరీ శుభ్రమైన నీరూ పడదు, నైట్రేట్ కాస్త ఉండాలి. థర్మాకోల్ డబ్బాలో రాత్రంతా రైల్లో రావలసిన మన ఊళ్లకి ఇది సరిపడే సరుకు కాదు. మీ ఊళ్లోనే ఎవరి దగ్గరైనా ఉండి, పది నిమిషాల్లో ఇంటికి తెచ్చుకోగలిగితే అప్పుడు ఆలోచించండి.

కెన్యా ట్రీ దీనికి పూర్తిగా వేరు. గట్టిది, ప్రయాణానికి తట్టుకుంటుంది, వెలుతురు అటూఇటూ అయినా సర్దుకుంటుంది. పిలక పెట్టే పద్ధతి మాత్రం వింతైనది. చిన్న కొమ్మలను తనంతట తానే రాల్చేస్తుంది. అవి నీటిలో కొట్టుకుపోయి ఎక్కడ ఆగితే అక్కడే పాతుకుంటాయి, రాతి వెనక, పంపు జాలీ మీద, ఎక్కడైనా. కొత్తవాళ్లకి ధైర్యం ఇచ్చే పగడం, కాకపోతే వారానికోసారి రాలిన పిల్లల్ని ఏరుకునే ఓపిక ఉండాలి.

మష్రూములు: నేను ముందు పెట్టేది

డిస్కోసోమా, రోడాక్టిస్ లాంటి మష్రూములు పైకి సాదాగా కనిపిస్తాయి, గుండ్రటి బిళ్ల అంతే. కానీ సంతానం పెంచుకోవడానికి వాటికి తెలిసిన దారులు ఎన్నో. కొన్నిసార్లు నోరు రెండుగా మారి, బిళ్ల మధ్యకి నొక్కుకుపోయి, నిలువునా చీలుతుంది. కొన్నిసార్లు పక్కన మొగ్గ వస్తుంది. అన్నిటికంటే ముచ్చటైనది పాదం వదలడం. మష్రూము రాయి మీద మెల్లగా జరుగుతుంది, జరిగేటప్పుడు పాదంలో చిన్న చిన్న తునకలు వెనకే ఉండిపోతాయి, ఒక్కో తునకా కొన్ని వారాలకి గోరంత మష్రూము అవుతుంది.

వెలుతురు తక్కువ చాలు, ట్యాంకు అడుగున నీడపట్టున హాయిగా ఉంటాయి. అంటే ఖరీదైన లైటు కొననక్కర్లేదు. నీటి ప్రవాహం కూడా నెమ్మదిగా ఉంటే మేలు, హోరున కొడితే పాదం వదిలేసి ఎక్కడికో కొట్టుకుపోతాయి. పరుచుకునే వేగం కూడా అదుపులో ఉండేదే, గ్రీన్ స్టార్‌లాగా రాయంతా కప్పేయదు.

కోసి పెంచాలంటే మాత్రం జిగురు పని చేయదు. మష్రూము ఒంటి మీది జారుడు పదార్థం ఏ గ్లూనీ అంటనివ్వదు. పదునైన బ్లేడుతో నోటి మీదుగా రెండు లేదా నాలుగు ముక్కలు చేసి, చిన్న గిన్నెలో పగిలిన గవ్వల ముక్కలు పరిచి, వాటి మీద వేసి పైన దోమతెర గుడ్డ కట్టి, ప్రవాహం తక్కువున్న మూల ఉంచాలి. రెండు మూడు వారాల్లో ఏదో ఒక గవ్వ ముక్కకి అంటుకుంటాయి. అప్పుడు గ్లూ రాయవలసింది గవ్వకే, మష్రూముకి కాదు. నోటి భాగం కొంచెమైనా దక్కిన ముక్క త్వరగా కోలుకుంటుంది.

తోలు పగడాలు: కత్తెర మీ చేతిలో

సార్కోఫైటాన్, సినులేరియా లాంటి తోలు పగడాలు వాటంతట అవి పెద్దగా పిలకలేయవు. అప్పుడప్పుడూ కాండం అడుగున ఒక చిన్న గొడుగు పుడుతుంది, అంతే. ఆక్రమణ భయం లేదు. కావాలనుకున్నప్పుడు మాత్రం దండిగా ముక్కలు ఇస్తాయి. సినులేరియా వేలు ఒకటి కత్తెరతో కత్తిరించి రాయికి దారంతో వదులుగా కట్టడం అన్నిటికంటే తేలికైన పని. సార్కోఫైటాన్ గొడుగు అంచును కత్తిరించినా అంతే, నెల తిరిగేసరికి తల్లీ పిల్లా రెండూ కోలుకుంటాయి.

రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇవి పక్కవాటిని అణచడానికి నీటిలోకి టెర్పీన్ అనే రసాయనాలు వదులుతాయి. కోసిన రోజు అది మరీ ఎక్కువ. యాక్టివేటెడ్ కార్బన్ వేయాలి, కొంత నీరు మార్చాలి. కోత కూడా ట్యాంకులో కాకుండా వేరే గిన్నెలో ట్యాంకు నీళ్లు పోసి చేయాలి. రెండోది, సార్కోఫైటాన్ అప్పుడప్పుడూ ముడుచుకుని, ఒంటి మీద మైనం లాంటి పొర కట్టి, కొన్ని రోజులు పాలిప్‌లు బయటికి తీయదు. అది కుబుసం లాంటి పొర, రాలిపోతుంది. చచ్చిపోయిందనుకుని పారేసినవాళ్లు చాలామంది ఉన్నారు. కుళ్లు వాసన వస్తేనే బయటికి తీయండి.

గుడ్లూ వీర్యమూ వదిలి పిల్లల్ని కనడం ఇంట్లో సాధ్యం కాదా అని అడుగుతుంటారు. సముద్రంలో అదే అసలు పద్ధతి. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో చాలా రకాల పగడాలు ఏడాదిలో కొన్ని రాత్రుల్లో, పౌర్ణమి దాటాక, ఒక్కసారిగా గుడ్లు వదులుతాయని 1980లలో తేలింది. లండన్ హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం ఉష్ణోగ్రత, పగటి నిడివి, వెన్నెల అన్నీ కంప్యూటరుతో అనుకరించి ట్యాంకులోనే దాన్ని సాధించి 2017లో ప్రచురించింది. మన హాల్లో ఫ్యానూ టీవీ లైటూ మధ్య అది జరిగే పని కాదు. ఒకవేళ గుడ్లు వదిలినా పంపులూ, మురికిని నురగగా లాగే స్కిమ్మరూ, చేపలూ మిగలనివ్వవు. మొగ్గా ముక్కా, మనకి అవే దారి.

గోపాల్‌పూర్ నీళ్లా, ప్యాకెట్ ఉప్పా

సముద్రం పక్కనే ఉంటే ఉప్పు కొనడం ఎందుకని బరంపురం, ఛత్రపురం వాళ్లకి అనిపించడం సహజం. కానీ మన తీరంలో పగడపు దిబ్బలు ఎందుకు లేవో ఒకసారి ఆలోచించండి. మన్నార్ సింధుశాఖలో ఉన్నాయి, కచ్‌లో ఉన్నాయి, అండమాన్, లక్షద్వీప్‌లలో ఉన్నాయి. ఇక్కడ గంగ, మహానది మొదలుకొని రుషికుల్య దాకా నదులు మంచినీళ్లూ బురదా తెచ్చి పోస్తాయి. వానాకాలంలోనూ ఆ తర్వాత కొన్నాళ్లూ ఒడ్డు నీటిలో ఉప్పదనం బాగా పడిపోతుంది. రీఫ్ ట్యాంకుకి లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పదనం, అంటే సుమారు 1.026 సాంద్రత, అటూఇటూ కదలకుండా ఉండాలి. వేసవిలో పడవలకి, ఊరికి దూరంగా తెచ్చి, వడగట్టి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూసుకుని వాడేవాళ్లు ఉన్నారు, కాదనను. నా ఓటు ప్యాకెట్ ఉప్పుకే. వంద లీటర్ల ట్యాంకుకి వారానికి పది లీటర్లు మార్చినా నెలకి ఒకటిన్నర కిలోలు సరిపోతుంది. ఉప్పు కలపడానికి మాత్రం ఆర్.ఓ. నీళ్లే కావాలి, బోరు నీళ్లు వద్దు. ఇంట్లో తాగే ఆర్.ఓ. మిషను నీటిలోనూ లవణాలు మిగులుతాయి, టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే తెలుస్తుంది. దానికి మిగిలిన లవణాలను పట్టేసే డీఐ గొట్టం ఒకటి జోడిస్తే సున్నాకి దగ్గరవుతుంది.

తీరంలో ఉన్నవాళ్లూ, కొండల మీద ఉన్నవాళ్లూ

ట్యాంకు నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి మీదికి ఫ్యాను తిప్పి చల్లబరచడం చవకైన పద్ధతి. అది రాయగడ లాంటి లోపలి ఊళ్లలో పొడి ఎండాకాలంలో బాగా పనిచేస్తుంది. గోపాల్‌పూర్, బరంపురంలో మే నెల ఉక్కలో గాలే తేమగా ఉంటుంది కాబట్టి నీరు అంతగా ఆవిరవదు, ఫ్యాను పెద్దగా లాభం ఇవ్వదు. ఏసీ ఉన్న గదిలో ట్యాంకు పెట్టాలి, లేదా నీటిని చల్లబరిచే చిల్లరు మిషను కొనాలి. కోరాపుట్, జయపురం వాళ్లకి వేసవి బాధ తక్కువ, చలికాలం రాత్రుల్లో హీటరు తప్పదు.

ఇక తుఫాన్లు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచేసింది. రెండూ అక్టోబరులోనే. కరెంటు రోజుల తరబడి లేనప్పుడు లైటు లేకపోవడం పెద్ద నష్టం కాదు, నీటిలో ప్రాణవాయువు పడిపోవడం నష్టం. బ్యాటరీ ఎయిర్ పంపులు రెండు దసరాకి ముందే కొని ఉంచుకోండి. అలాంటి రోజుల్లో మష్రూములు, కెన్యా ట్రీ నిలబడతాయి. జీనియా ముందు పోతుంది. పెద్ద తోలు పగడం చచ్చి కుళ్లితే తనతోపాటు ట్యాంకునంతా తీసుకుపోతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే, మొదటిసారి పెట్టేవాళ్లకి, పిల్లలున్న ఇంటికి, నా మాట మష్రూములు, పక్కనే ఒక సినులేరియా. ట్యాంకు ఏడాది నిలబడి, చేతి తొడుగులు వేసుకునే క్రమశిక్షణ ఉంటే జోయాలు. కోసి పదిమందికి పంచాలన్న సరదా ఉన్నవాళ్లకి తోలు పగడాలు. పిలక తీయగానే ఒకటి పర్లాకిమిడిలోనో ఇచ్ఛాపురంలోనో ఉన్న స్నేహితుడి ట్యాంకులో పెట్టించండి. మీది పోతే అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. ఇచ్చేముందు, పుచ్చుకునేముందు కూడా, రాయి అడుగున గాజులా మెరిసే చిన్న అనిమోన్ ఉందేమో చూడండి. ఐప్టేసియా అంటారు, అది కూడా పాదపు తునకల నుంచే పుడుతుంది, ఒకటి వస్తే వందవుతుంది. దోమల మందు స్ప్రే కొట్టే రోజు ట్యాంకు మీద గుడ్డ కప్పి ఎయిర్ పంపు ఆపండి. చేపల జబ్బు మందుల్లో రాగి ఉంటే ఆ సీసా ఈ ట్యాంకు దగ్గరికే రాకూడదు.

ఎక్కువైపోయిన పిలకల్ని గోపాల్‌పూర్ సముద్రంలో వదిలిపెట్టడం పుణ్యం అనుకోకండి. జీనియా బంధువైన యునోమియా అనే మెత్తని పగడం, అక్వేరియం పెంపకం వల్లనే అంటారు, వెనిజులా తీరంలోకి చేరి అక్కడి దిబ్బలను కప్పేసింది. ఎవరూ తీసుకోనివాటిని కవరులో గట్టిగా కట్టి చెత్తబండిలో వేయండి. జోయాలైతే తడిగా ఉండగానే కట్టండి, ఎండబెట్టకండి.